క్రూజ్ వెకేషన్‌లో బరువు పెరగకుండా ఉండాలంటే: షిప్‌లో ఏం తినాలి, దిగాక ఏం చేయాలి

ఇవాళ ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క మెసేజ్‌కి జవాబు. డాలస్ నుంచి ఒక తమ్ముడు పంపాడు. పేరు చెప్పను. మెసేజ్ ఇదీ:

"అక్కా, ఏడు నెలలు కష్టపడి 11 కిలోలు తగ్గాను. వచ్చే నెల అమ్మానాన్న ఇండియా నుంచి వస్తున్నారు. వాళ్లని గాల్వెస్టన్ నుంచి ఏడు రాత్రుల క్రూజ్‌కి తీసుకెళ్తున్నాను. నాన్నకి షుగర్ ఉంది. అక్కడ రోజంతా బఫేనే అంట కదా. నా కష్టమంతా ఒక్క వారంలో పోతుందేమో, నాన్న షుగర్ ఎక్కడికి పోతుందో అని భయంగా ఉంది. క్యాన్సిల్ చేసేయమంటారా?"

వద్దు తమ్ముడూ. క్యాన్సిల్ చేయొద్దు. అమ్మానాన్నలతో ఏడు రోజులు, చేతిలో వంట పని లేకుండా, ఆఫీస్ కాల్స్ లేకుండా గడపడం మళ్లీ ఎప్పుడు కుదురుతుందో తెలీదు. కానీ మీ భయంలో సగం నిజం ఉంది, సగం లేదు. ఏది నిజమో ముందు అది తేల్చుకుందాం, తర్వాత ఏం చేయాలో చూద్దాం.

వెకేషన్‌లో నిజంగా ఎంత బరువు పెరుగుతారు? అమెరికాలో జార్జియా యూనివర్సిటీ వాళ్లు 2016లో దీని మీద ఒక స్టడీ వేశారు. 122 మంది పెద్దవాళ్లని తీసుకున్నారు. ఒక వారం నుంచి మూడు వారాల దాకా వెకేషన్‌కి వెళ్లేవాళ్లు. వెళ్లే ముందు బరువు చూశారు, వచ్చాక చూశారు, మళ్లీ ఆరు వారాల తర్వాత చూశారు. సగటున పెరిగింది సుమారు 300 గ్రాములు. అంతే! కొందరు మూడు కిలోల దాకా పెరిగినవాళ్లూ ఉన్నారు, కానీ సగటు మాత్రం అది. ఇక్కడ ఊపిరి పీల్చుకోండి.

ఇప్పుడు అసలు విషయం. ఆరు వారాల తర్వాత కూడా ఆ 300 గ్రాములు పోలేదు. సగటు చూస్తే ఇంకొంచెం పెరిగి 400 గ్రాములైంది. అంటే ఏంటంటే, దెబ్బ తగిలేది వెకేషన్‌లో ఒక్కచోటే కాదు, ఇంటికొచ్చాక కూడా. వెకేషన్ అలవాటు మనతో పాటు ఇంటికొచ్చేస్తుంది. ఏడాదికి 400 గ్రాములంటే పెద్ద విషయంలా అనిపించదు. పదేళ్లు వేసుకోండి, నాలుగు కిలోలు. చాలామంది "ఎలా పెరిగానో నాకే తెలీదు" అంటారు కదా, అది ఇలాగే.

ఇంకో లెక్క చూడండి. ఒక కిలో కొవ్వు అంటే దాదాపు 7,700 కేలరీలు. వారంలో ఒక కిలో నిజమైన కొవ్వు పెరగాలంటే మీ శరీరానికి కావలసినదాని మీద రోజూ 1,100 కేలరీలు ఎక్కువ తినాలి. మామూలు ఇంటి భోజనంతో అది కష్టం. షిప్‌లో? పెద్ద గ్లాసుల్లో రెండు పీనా కొలాడాలు, రాత్రి 11కి ఒక పిజ్జా ముక్క. అయిపోయింది, 1,100 దాటేసింది. అందుకే క్రూజ్‌ని మామూలు వెకేషన్‌లా చూడలేం.

ఇక్కడే ఇంకో మాట. షిప్ దిగిన మర్నాడు వెయింగ్ మెషీన్ ఎక్కితే రెండు, మూడు కిలోలు ఎక్కువ చూపించొచ్చు. అదంతా కొవ్వు కాదు. హోటల్ తిండిలో ఉప్పు ఎక్కువ, ఉప్పు నీళ్లని పట్టి ఉంచుతుంది. రెండోది, పిండి పదార్థాలు ఎక్కువ తింటే శరీరం గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది, ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు దాదాపు మూడు గ్రాముల నీళ్లు నిలుస్తాయి. ఈ తమ్ముడిలా అన్నం, రొట్టెలు బాగా తగ్గించినవాళ్లలో ఆ నిల్వ తక్కువగా ఉంటుంది కాబట్టి మళ్లీ తినగానే మెషీన్ ఇంకా ఎక్కువ చూపిస్తుంది. చాలామంది అది చూసి "పోయింది, అంతా పోయింది" అని డైటింగే వదిలేస్తారు. బరువు పెరిగేది అప్పుడు!

సరే, షిప్‌లోకి వెళ్దాం. అక్కడ మనం ఎందుకు అంత తింటాం? ఆకలేసి కాదు. మూడు కారణాలున్నాయి.

మొదటిది, "డబ్బులు కట్టాం కదా." ఇది మనవాళ్ల ఫేవరెట్ మాట. మన అమ్మానాన్నలైతే టికెట్ రేటుని రూపాయల్లోకి మార్చి మరీ తింటారు. "ఇంత పోశావు, తినరా!" అంటారు. కానీ ఆలోచించండి. ఆ డబ్బు ఎప్పుడో బుకింగ్ రోజే పోయింది. మీరు మూడో ప్లేట్ తిన్నా, తినకపోయినా కంపెనీ ఒక్క డాలర్ వెనక్కి ఇవ్వదు. ఆ మూడో ప్లేట్ ఖర్చు మాత్రం మీ పొట్ట కడుతుంది.

రెండోది, రకాలు ఎక్కువ ఉండటం. పెళ్లి భోజనం గుర్తు తెచ్చుకోండి. పీకల దాకా తిన్నాం, ఇంకో ముద్ద పెరుగన్నం కూడా దిగదు అనుకుంటాం. అప్పుడే ఎవరో పూతరేకులు పట్టుకొస్తారు. దిగుతుందా, దిగదా? హాయిగా దిగుతుంది. ఒకే రుచి తింటే ఆ రుచి మీద మొహం మొత్తుతుంది, కొత్త రుచి రాగానే మళ్లీ తినాలనిపిస్తుంది. బార్బరా రోల్స్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1980ల నుంచి దీని మీద పనిచేశారు. బఫేలో 50, 60 రకాలుంటే మొహం మొత్తడమనేది ఉండదు. మీకు కంట్రోల్ లేక కాదు, శరీరం అలా తయారైంది.

మూడోది, ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పొద్దున టిఫిన్, మధ్యలో ఐస్‌క్రీమ్ మెషీన్, మధ్యాహ్నం బఫే, నాలుగింటికి కుకీలు, రాత్రి డిన్నర్, అర్ధరాత్రి పిజ్జా. వండక్కర్లేదు, గిన్నెలు తోమక్కర్లేదు, బిల్లు రాదు. ఇంట్లో మనల్ని ఆపేవి ఇవే కదా. అక్కడ ఆపేది ఏదీ ఉండదు, మనమే ఒక గీత గీసుకోవాలి.

ఆ గీత ఏంటో చెప్తాను. చాలా సింపుల్. రోజుకి మూడు పూటలు, ఒక స్పెషల్. మూడు పూటలు కూర్చుని తినాలి. ఆ స్పెషల్ ఏదైనా కావచ్చు. డెజర్ట్ కావచ్చు, కాక్‌టెయిల్ కావచ్చు, రాత్రి పిజ్జా కావచ్చు. రోజుకి ఒకటి, ముందే అనుకున్నది. నడుస్తూ తినేవి, "కనిపించింది కదా" అని తినేవి వద్దు. ఏడు రోజులకి ఏడు స్పెషల్స్. ఇది తక్కువేం కాదు.

బఫే దగ్గర ఏం చేయాలి? ముందు ప్లేట్ తీసుకోకుండా చేతులు ఊపుకుంటూ ఒక రౌండ్ మొత్తం తిరిగి రండి. చాలా బఫేల్లో బ్రెడ్, పాస్తా, ఫ్రైలు ముందే కనిపిస్తాయి. గ్రిల్డ్ చేప, ఉడికించిన కూరగాయలు, సలాడ్ ఎక్కడో మూలన ఉంటాయి. చివరిదాకా చూడకుండా ప్లేట్ నింపేస్తే మంచివాటికి చోటుండదు. తిరిగొచ్చాక సగం ప్లేట్ కూరగాయలు, సలాడ్, పండ్లు. పావు ప్లేట్ చికెన్, చేప, గుడ్లు, పప్పు, వీటిలో ఏదో ఒకటి. మిగతా పావు మీ ఇష్టం.

ఆ "మీ ఇష్టం" పావుకి నాదో చిన్న రూల్. ఇంటి దగ్గర దొరికేది తినొద్దు. ఫ్రెంచ్ ఫ్రైలు డాలస్‌లో దొరకవా? సాఫ్ట్ సర్వ్ ఐస్‌క్రీమ్ దొరకదా? అన్నం మన ఇంట్లో లేదా? ఇంట్లో ఎప్పుడూ తినని వంటకం, ఆ షెఫ్ స్పెషల్‌గా చేసింది, పోర్ట్‌లో దిగినప్పుడు మెక్సికోలో వేడివేడిగా చేసిచ్చే టాకో, వాటికి చోటు ఉంచండి. కోజుమెల్ దాకా వెళ్లి అమెరికన్ బర్గర్ తినడం ఏంటి చెప్పండి?

ఇక మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా ఒక సమస్య. కంచంలో వదలకూడదు. అన్నం పరబ్రహ్మ స్వరూపం అని చిన్నప్పటి నుంచి విన్నాం. అది మంచి అలవాటే, వదలమని నేను చెప్పను. కానీ బఫేలో ఆ అలవాటు ఇలా దెబ్బ కొడుతుంది: ముందు కళ్లతో వడ్డించుకుంటాం, తర్వాత మర్యాద కోసం మింగుతాం. పరిష్కారం తినేటప్పుడు లేదు, వడ్డించుకునేటప్పుడే ఉంది. ఏదైనా కొత్తది కనిపిస్తే రెండు చెంచాలే వేసుకోండి. బాగుంటే మళ్లీ వెళ్లొచ్చు, ఎవరూ ఆపరు. బాగోకపోతే రెండు చెంచాలే కదా, తినేయొచ్చు. వృథా కాదు, పొట్ట బరువెక్కదు.

నన్నడిగితే డిన్నర్‌కి బఫే కంటే మెయిన్ డైనింగ్ రూమ్ మంచిది. అక్కడ వెయిటర్ ఒక్కొక్కటిగా తెస్తాడు, భాగాలు మరీ పెద్దగా ఉండవు, గంటా గంటన్నర కూర్చుంటాం. కడుపు నిండిన సంగతి మెదడుకి తెలిసే టైమ్ దొరుకుతుంది. అక్కడ జాగ్రత్త ఏంటంటే, ఒక్కొక్కరు రెండు స్టార్టర్లు, రెండు మెయిన్లు, మూడు డెజర్ట్‌లు అడిగినా ఇస్తారు. టేబుల్‌కి రెండు డెజర్ట్‌లు చెప్పి నాలుగు చెంచాలు అడగండి. డెజర్ట్‌లో మొదటి మూడు చెంచాలే మజా, తర్వాతంతా అలవాటు.

డిన్నర్ టైమ్ గురించి ఒక మాట. బుకింగ్‌లో సాధారణంగా రెండు సిట్టింగ్స్ ఉంటాయి. ఒకటి సాయంత్రం ఐదున్నర, ఆరు మధ్య. ఇంకోటి ఎనిమిది, ఎనిమిదిన్నర. మన ఇళ్లలో రాత్రి భోజనం ఎనిమిది, తొమ్మిదింటికి అలవాటు. ఐదున్నరకి తింటే షో చూసొచ్చాక పదింటికి మళ్లీ ఆకలేస్తుంది. అప్పుడు తెరిచి ఉండేది పిజ్జా కౌంటర్. అంటే తెలియకుండానే నాలుగో భోజనం. మీ ఇంటి టైమ్‌కి దగ్గరగా ఉన్న సిట్టింగ్ తీసుకోండి.

ఇప్పుడు డ్రింక్స్. క్రూజ్‌లో ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే, ఎందుకంటే గ్లాసులో ఉన్నది తిండిలా అనిపించదు. ఒక కోక్ క్యాన్‌లో 39 గ్రాముల చక్కెర, 140 కేలరీలు. ఒక బీరు దాదాపు 150. పెద్ద గ్లాసు పీనా కొలాడా 450 దాకా పోతుంది, అది దాదాపు ఒక పూట భోజనం. బఫేలో ఫ్రీగా ఇచ్చే లెమనేడ్ కూడా చక్కెర నీళ్లే. ఇందాక చెప్పిన జార్జియా స్టడీలో కూడా వెకేషన్‌లో డ్రింక్స్ వారానికి 8 నుంచి 16కి, అంటే రెట్టింపు అయ్యాయి. వాళ్ల నడకేమీ తగ్గలేదు. బరువు పెరగడానికి డ్రింక్స్ పెద్ద కారణమని ఆ టీమ్ వాళ్లే అన్నారు.

అందుకే డ్రింక్ ప్యాకేజీ కొనే ముందు ఆలోచించండి. ప్యాకేజీ కొన్నాక "డబ్బులు రాబట్టాలి" అని రోజుకి ఐదారు తాగేవాళ్లున్నారు. విడిగా కొంటే ప్రతి గ్లాసుకీ బిల్లు కనిపిస్తుంది, ఆ బిల్లే బ్రేక్. తాగనివాళ్లకి నీళ్లు, బ్లాక్ కాఫీ, చక్కెర లేని ఐస్‌డ్ టీ బఫేలో ఫ్రీ. ఒక బాటిల్ వెంట పెట్టుకోండి. ఎండలో డెక్ మీద ఉన్నప్పుడు దాహాన్ని ఆకలి అనుకుంటాం.

నడక విషయానికొద్దాం. గాల్వెస్టన్ నుంచి వెళ్లే పెద్ద షిప్‌లు చిన్నవి కాదు. 2022లో అక్కడి నుంచి వెళ్లిన అల్యూర్ ఆఫ్ ది సీస్ పొడవు దాదాపు 360 మీటర్లు. ముందు నుంచి వెనక్కి వెళ్లి వస్తేనే 700 మీటర్లు. జాగింగ్ ట్రాక్ ఉంటుంది. పొద్దున ఏడింటికి జనం ఉండరు, సముద్రం మీద సూర్యోదయం చూస్తూ నడవొచ్చు. లిఫ్టుల దగ్గర ఎలాగూ రద్దీనే, మోకాళ్లు బాగున్నవాళ్లు మెట్లెక్కితే ముందే చేరతారు. కానీ ఒక భ్రమ వద్దు. 70 కిలోల మనిషి గంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది 250, 300 కేలరీలు. అంటే ఒక పీనా కొలాడా కూడా కరగదు. తిన్నదానికి శిక్షగా నడవొద్దు. నిద్ర బాగా పడుతుంది, షుగర్ అదుపులో ఉంటుంది, అందుకు నడవండి.

షుగర్ అన్నాం కాబట్టి ఇప్పుడు నాన్నగారి సంగతి. ఈ భాగం అమ్మానాన్నల్ని తీసుకెళ్లే అందరికీ.

ఒకటి, మందులన్నీ చేతి బ్యాగ్‌లోనే ఉండాలి. సూట్‌కేసులు పోర్ట్‌లో ఇచ్చేస్తే కేబిన్‌కి వచ్చేసరికి కొన్ని గంటలు, ఒక్కోసారి సాయంత్రం అవుతుంది. గ్లూకోమీటర్, స్ట్రిప్స్, రెండు మూడు రోజులకి అదనంగా మాత్రలు, ప్రిస్క్రిప్షన్ కూడా అందులోనే. ఇన్సులిన్ ఉంటే కేబిన్‌లో ఫ్రిజ్ ఉందో లేదో, చల్లగా ఉంటుందో లేదో ముందే అడగండి. సూదులు వేయడానికి డబ్బా అడిగితే ఇస్తారు.

రెండు, షుగర్ పెరగడమే కాదు, పడిపోవడం కూడా ప్రమాదం. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ, ఇన్సులిన్ గానీ వాడేవాళ్లు మందు వేసుకుని భోజనం లేట్ చేస్తే, లేదా ఎండలో గంటలు గంటలు తిరిగితే షుగర్ డౌన్ అవుతుంది. చెమటలు, వణుకు, కంగారు వస్తే అదే గుర్తు. పోర్ట్‌లో దిగేటప్పుడు జేబులో గ్లూకోజ్ బిళ్లలు గానీ చక్కెర గానీ తప్పనిసరి. డిన్నర్ ఎనిమిదిన్నరకైతే మాత్ర టైమ్ ఎలా మార్చాలో బయల్దేరే ముందే డాక్టర్‌ని అడగండి. మీరే మార్చొద్దు.

మూడు, "షుగర్ ఫ్రీ" అని రాసిన డెజర్ట్. అందులో చక్కెర లేకపోయినా మైదా ఉంటుంది, పాలు ఉంటాయి. షుగర్ పెరుగుతుంది. అది కూడా లెక్కలో వేసుకోవాలి. భోజనం అయ్యాక కేబిన్‌కి వెళ్లి పడుకోకుండా పది, పదిహేను నిమిషాలు డెక్ మీద నడిపించండి. తిన్న తర్వాత పెరిగే షుగర్ మీద దాని ప్రభావం బాగా కనిపిస్తుంది. చెప్పులు వేసుకునే నడవాలి. షుగర్ వల్ల పాదాలకి స్పర్శ తగ్గినవాళ్లకి వేడి డెక్, వేడి ఇసుక కాలినా తెలీదు.

నాలుగు, అమ్మకి పప్పన్నం లేకపోతే తిన్నట్టే ఉండదు, అవునా? అది తప్పు కాదు. చాలా కంపెనీల్లో మెయిన్ డైనింగ్ రూమ్‌లో హెడ్ వెయిటర్‌కి మొదటి రోజే చెప్తే, మర్నాటి నుంచి ఇండియన్ వెజిటేరియన్ చేసి పెడతారు. ముందే బుకింగ్‌లో కూడా నోట్ పెట్టండి. రైస్ కుక్కర్, ఎలక్ట్రిక్ కెటిల్ మాత్రం సర్దుకోవద్దు, అగ్ని ప్రమాదం అని చాలా షిప్‌ల్లో తీసేసుకుంటారు. ఇంట్లో చేసిన ఆవకాయ, పులిహోర కూడా సాధారణంగా లోపలికి రానివ్వరు. సీల్ ఉన్న కంపెనీ ప్యాకెట్లు చాలావరకు ఓకే. మీ షిప్ వాళ్ల రూల్స్ ఒకసారి చదువుకోండి.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఈ గొడవ తక్కువ. 2022లో చెన్నై నుంచి వైజాగ్‌కి కార్డీలియా షిప్ వచ్చింది కదా, అలాంటి వాటిలో మన తిండి ఎలాగూ ఉంటుంది. కానీ పూరీ, బిర్యానీ, గులాబ్ జామూన్ ఉన్న బఫే ఇంకా ప్రమాదం! "మూడు పూటలు, ఒక స్పెషల్" లెక్క అక్కడా అదే.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది: షిప్ దిగిన రోజు. ఆ స్టడీ చెప్పింది గుర్తుందా? బరువు నిలిచిపోయేది ఇంటికొచ్చాకే. పొద్దున తొమ్మిదికల్లా షిప్ దిగుతారు. డాలస్‌కి ఐదు గంటల డ్రైవ్. ఐ-45 మీద బకీస్ కనిపిస్తుంది. "ఇవాళ్టికి వెకేషనే కదా" అని లోపలికెళ్లి బ్రిస్కెట్ శాండ్‌విచ్, ఒక సంచీడు బీవర్ నగెట్స్. ఇంటికెళ్లాక ఫ్రిజ్ ఖాళీ, అలిసిపోయారు, బయటి నుంచి బిర్యానీ ఆర్డర్. మర్నాడు సరుకుల్లేవు, మళ్లీ ఆర్డర్. ఏడు రోజుల వెకేషన్ పదకొండు రోజులైంది. చూశారా?

అందుకే వెళ్లే ముందే ఈ పని చేయండి. పప్పు, ఒక కూర వండి ఫ్రీజర్‌లో పెట్టేయండి. గుడ్లు, పెరుగు, కూరగాయలు దిగే రోజు సాయంత్రానికి డెలివరీ వచ్చేలా షిప్‌లో ఉండగానే ఆర్డర్ పెట్టండి. దిగిన రోజు రాత్రి భోజనం మీ ఇంటి భోజనం కావాలి. ఆ ఒక్క పూట పట్టాలెక్కితే మిగతాది దానంతట అదే నడుస్తుంది.

వెయింగ్ మెషీన్ వారం దాకా ఎక్కొద్దు. నీళ్లు పోనివ్వండి. ఉపవాసాలు, జ్యూస్ డైట్‌లు, రెండు గంటల జిమ్ వద్దు. వాటితో మళ్లీ విపరీతంగా ఆకలేసి అసలుకే మోసం వస్తుంది. వెళ్లకముందు ఏం తినేవారో అదే తినండి. రెండు వారాల తర్వాత కూడా అరకిలో, కిలో మిగిలితే, సాయంత్రం స్నాక్ లాంటిది ఏదో ఒకటి తీసేసి రోజుకి 300 కేలరీలు తగ్గించండి. నాలుగైదు వారాల్లో పోతుంది. ఏడు నెలలు పట్టిన 11 కిలోలు ఏడు రోజుల్లో తిరిగి రావు. అలవాటు తిరిగొస్తేనే అవి తిరిగొస్తాయి.

చివరిగా ఇంకొకటి. కొంతమందికి ఈ కేలరీల లెక్కలు వింటేనే గుబులు. తిన్న ప్రతిసారీ తప్పు చేసినట్టు అనిపిస్తుంది, తిని వాంతి చేసుకోవాలనిపిస్తుంది. అలాంటివాళ్లు నేను చెప్పిన నంబర్లన్నీ మర్చిపోండి, ఒక డాక్టర్‌తోనో కౌన్సెలర్‌తోనో మాట్లాడండి. బరువు కంటే అది ముఖ్యం.

మీలో క్రూజ్‌కి వెళ్లొచ్చినవాళ్లుంటే, షిప్‌లో వెజిటేరియన్ ఫుడ్ ఎలా దొరికిందో, పెద్దవాళ్లతో ఎలా మేనేజ్ చేశారో కామెంట్‌లో రాయండి, వెళ్లబోయేవాళ్లకి పనికొస్తుంది. అమ్మానాన్నల టికెట్లు బుక్ చేస్తున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి. మళ్లీ వచ్చే వారం కలుద్దాం. ఉంటాను మరి, బై.